చేటెడు తవుడు

టెక్కలి దాటి, మెళియాపుట్టి రోడ్డులో
జీడితోట వెనక రేకుల షెడ్డు.
వారానికి రెండుసార్లు నా బండి అక్కడ ఆగుతుంది.
కంపెనీ సంచీలో పొట్లాలు:
పారుడుకొకటి, గురకకొకటి,
ఏ జబ్బూ లేనప్పుడు వేయడానికి ఇంకొకటి.
ఆ మూడోదే ఎక్కువ ఖర్చవుతుంది.

ఐదేళ్లు నేనే దగ్గరుండి పోయించాను.
ఎర్ర గిన్నెల్లో నీళ్లు పసుపెక్కేవి.
నాలుగువేల ముక్కులు వంగి, ముంచి,
తలలెత్తి రేకుల వైపు చూసేవి
పైనెవరో పిలిచినట్టు.

ఈ బ్యాచిలో తవిటమ్మ ఒక మూల వల కట్టింది.
వల అవతల రెండొందల పిల్లలు.
"ఏటిది?" అన్నాను.
"అటేపు నీ పొడి పొయ్యకు బావూ."
రోట్లో నేలవేము, తిప్పతీగ, వాము,
నాలుగు వెల్లుల్లి గబ్బాలు,
సంతలో సవర లక్కాయి దగ్గర
బేరమాడకుండా కొన్న పసుపుకొమ్ములు.
దంచుతుంటే షెడ్డు వాసన కాసేపు
బాలింత ఇంటి వాసనయింది.

మొదటిరోజు ఒక్క పిల్లా ముట్టలేదట.
నేలవేము చేదు అలాంటిది,
నాలుక లేనివాడికైనా తెలుస్తుంది.
రెండోరోజు తవుడులో కలిపింది.
తిన్నాయి.

"తవుడంటే తేలిగ్గా సూడకు.
నా ముందు ముగ్గురు పోనారు.
నాను పుట్టగానే సేటలో ఎట్టి గుమ్మంలో పెడితే
ఎదురింటామె సేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాది.
పెంచిపెట్టమని మల్లీ మాయమ్మ సేతికే ఇచ్చినాది.
సావొచ్చి అడిగితే
ఈ ఇంటి గుంట కాదు పొమ్మన్నారట."

చావుని తవుడుతో మోసం చేస్తారా అన్నాను.
"నానున్నాను కదా" అంది,
రోకలి ఆపకుండా.

నవ్వాల్సిన మాటే.
కానీ పోయిన నెల శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
నాన్న మూత్రపరీక్ష కాగితం మీద
డాక్టరు పెన్ను పైనుంచి కిందికి దిగింది.
ఇది పనిచేయదు. ఇది పనిచేయదు.
ఇదీ.
ఆ పేర్లు నాకు నోటికొచ్చు.
కొన్నిటిని ఆయనకంటే ముందే చదివాను,
తలకిందులుగా, బల్లకి ఇవతల నుంచి.
"మెడికల్ షాపా మీది?" అన్నాడు.
కోళ్లు, అన్నాను.

నాన్న కోడి తినడు.
వయసైపోయినా ఏదో ఒక పని ఉండాలని
రోజూ నా చొక్కా ఉతికేవాడు,
జేబులు తిరగేసి, పొడి దులిపి మరీ.
అదే కారణమని డాక్టరు అనలేదు.
నేనూ అడగలేదు.

ముప్పై ఆరో రోజు లారీ వచ్చింది. కాటా వేశారు.
వల అవతల పదకొండు పోయాయి;
ఇవతల కూడా నూటికి అంతే.
బరువు మాత్రం
పిట్టకి అరవై గ్రాములు తక్కువ.
కంపెనీ లెక్కలో తవిటమ్మ ఓడిపోయింది.
కాగితంలో లేనిదొకటి చెప్తాను:
ఆ మూల ఊక పొడిగా ఉంది,
చెప్పుకి అంటలేదు,
వంగి చూసినా కళ్లు మండలేదు.

"అరవై గ్రాములేనా!
మల్లీసారి మునగాకేద్దాం" అంది,
పెట్టెల్లోకి ఎక్కుతున్న కోళ్లని
పెళ్లికి పంపుతున్నట్టు చూస్తూ.

రిజిస్టరులో 'మందు' అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
ఖాళీగా వదిలితే ఫోనొస్తుంది.
'తవుడు' అని రాశాను.
ఆఫీసులో ఎవరో దాన్ని తప్పురాత అనుకుని
దిద్దుతారు.

సంచీ విప్పకుండానే బండి తీశాను.
ఇంటికెళ్లేసరికి నాన్న గుమ్మంలో
బకెట్టు పక్కన, చెయ్యి చాచి.

చొక్కా ఇవ్వలేదు.